కప్పుకి 32,768

నవంబరు పద్దెనిమిది. ఆ తేదీ ఇన్‌స్పెక్టర్‌కి ఇప్పటికీ గుర్తే. ఆ రోజు మధ్యాహ్నం మూడున్నరకి తిన్నది కూడా గుర్తే. రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికిన గుడ్డు. గుడ్డు మీద ఉప్పు వేసుకోవడం మరిచిపోయాడు. ఉప్పు గుర్తు చేసే మనిషి పోయి అప్పటికి మూడేళ్ళు.

నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలకి ఫోన్ మోగింది.

నాలుగు నలభైకి ఆయన ఆ బజారు భవనం ముందు జీపు దిగాడు. రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. మోకాళ్ళు మాత్రం అప్పటికే రిటైరైపోయాయి.

మొదటి అంతస్తులో వాచీల రిపేరు షాపు. ముందు కౌంటరు. దాని వెనక పక్కకి జరిపే అద్దాల తలుపు. తలుపు అవతల పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు పనిగది. రెండు బల్లలు, రెండు దీపాలు, ఒక ఏసీ.

ఎడమవైపు బల్ల మీద పెద్దాయన బోర్లా పడి ఉండగా చూశారట. అరవై నాలుగేళ్ళ మెకానిక్. నలభై ఏళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. కంటికి పెట్టుకున్న భూతద్దం ఊడి కూడా పడలేదు. ఊపిరి ఆడుతోంది, స్పృహ లేదు. నాలుగున్నరకి అంబులెన్స్ తీసుకెళ్ళింది.

ఆయన మోచెయ్యి ఉన్న చోట ఒక గాజు గ్లాసు. అందులో టీ. పైన మీగడ కట్టి, ముసలివాళ్ళ చేతి చర్మంలా సన్నగా ముడతలు పడి ఉంది.

"విషం సార్. క్లియర్ కేసు," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. అప్పటికే పంచనామా కాగితం మీద రాసుకున్నాడు: 'టీ తాగిన గ్లాసు ఒకటి.'

"అప్పుడే తేల్చేశావా?"

"తేల్చేదేముంది సార్. నేనైతే టీ మానేసి పదిరోజులైంది. మీకు మెసేజ్ రాలేదా?"

"ఏ మెసేజ్?"

హెడ్ ఫోన్ తీసి చూపించాడు. ఎర్ర అక్షరాలు. చుట్టూ మూడు పుర్రె బొమ్మలు.

'హెచ్చరిక. మీరు తాగే ఒక్క కప్పు టీలో 32,768 విష కణాలు. విదేశీ శాస్త్రవేత్తలు నిద్ర మానుకుని కనిపెట్టిన నిజం. మీవాళ్ళు బతకాలనుకుంటే పదిమందికి పంపండి.'

"ఎవరు పంపారు నీకు?"

"మా తోడల్లుడు సార్. చదువుకున్నవాడే."

"32,768. ఎవరు లెక్కపెట్టారంటావ్?"

"శాస్త్రవేత్తలు సార్."

"అరవై ఎనిమిది దగ్గర ఆగారు. అరవై తొమ్మిదోది కనబడలేదా?"

హెడ్ ఆలోచించాడు. "కళ్ళు లాగి ఉంటాయి సార్," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. నవ్వే ఓపిక ఉన్న రోజుల్లో నవ్వేవాడు. ఇంట్లో భార్య ఉన్నప్పుడు పేపర్లో వచ్చిన ఆరోగ్య సూత్రాలు కాఫీ వేళకి చదివి వినిపించేది. అన్నీ విన్నాక ఇద్దరూ ఇంకో కప్పు తాగేవాళ్ళు.

కౌంటరు దగ్గర నిలబడ్డాయన ముందుకొచ్చాడు. షాపు యజమాని అల్లుడు. మామగారు మంచాన పడ్డాక ఏడాదిగా వ్యాపారం ఆయనే చూసుకుంటున్నాడు. బజారంతా అల్లుడుగారనే పిలుస్తుంది. మెడలో మాస్కు, చొక్కా జేబులో చేతులు శుభ్రం చేసుకునే సీసా.

"ఎఫ్‌ఐఆర్ రాయండి సార్. మెట్ల కింద టీ కాచే ఆవిడ మీద."

"మెసేజ్ మీకెప్పుడొచ్చింది?"

"ఎనిమిదో తారీఖు పొద్దున. తొమ్మిది నుంచి మా షాపులో టీ బంద్. తలా ఒక ఫ్లాస్కు కొనిచ్చాను. వేడినీళ్ళు బల్ల దగ్గరే తాగొచ్చు. కిందకి దిగి, ఎక్కి, కబుర్లు చెప్పి... రోజుకి అరగంట పని కలిసొచ్చింది కూడా."

"బజారు గ్రూపులో పెట్టింది మీరేనా?"

"నలుగురికీ మంచి జరగాలని పెట్టాను. బజారు సంఘం వాళ్ళు నోటీసిచ్చేశారు. రేపు పొద్దున్నకల్లా ఆవిడ స్టవ్ తీసేయాలి."

"ఇవాళ ఏం జరిగింది? టైములు చెప్పండి."

"మూడున్నరకి రేడియో డెలివరీకి వెళ్ళాడు. రెండో మెకానిక్ సార్. నోరు మూయడు, అందుకని రేడియో అంటాం. మూడు యాభైకి నాకు ఫోనొచ్చింది. లోపల సిగ్నల్ ఉండదు, మెట్ల దగ్గరికెళ్ళాను. సరిగ్గా నాలుగింటికి ఆవిడ పళ్ళెం పట్టుకుని ఎక్కింది. వద్దని చెయ్యి ఊపాను. చూడనట్టు వెళ్ళిపోయింది. మూడు నిమిషాల్లో దిగింది. నాలుగుంపావుకి రేడియో వచ్చి చూసి కేకేశాడు."

"ఈ మధ్యలో మీరు లోపలికెళ్ళలేదు?"

"ఫోన్లో ఉన్నాను కదా. ఇంకో సంగతి సార్. తలుపు బార్లా తీసి పోయింది. వాచీల గదిలోకి దుమ్ము పడకూడదు. వెంటిలేటరుకి కూడా నేనే టేపు వేయించాను. ఆ మాత్రం తెలియని మనిషి అక్కడ పొయ్యి పెట్టి..."

"ఆవిడకి పెద్దాయన మీద పగేమిటి?"

"పగ అక్కర్లేదు సార్. స్లో పాయిజన్. నేను స్వయంగా టెస్ట్ చేశాను."

ఆయన లోపలికెళ్ళి కాగితంలో చుట్టిన టీ పొడి, ఒక చిన్న అయస్కాంతం తెచ్చాడు. అయస్కాంతాన్ని పొడి మీద తిప్పి పైకెత్తాడు. నల్లటి నలుసులు మీసాల్లా నిక్కబొడుచుకున్నాయి.

"ఇనుము," అన్నాడు అల్లుడు. ఇనుప గనినే కనిపెట్టినవాడిలా.

హెడ్ ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఈ అయస్కాంతం ఎక్కడిది?"

"బల్ల మీదదే. కింద పడ్డ స్క్రూలు ఏరుకోడానికి వాడతాం."

ఇన్‌స్పెక్టర్ దాన్ని తెల్ల రుమాలుతో శుభ్రంగా తుడిచాడు. రుమాలు నల్లబడింది. మళ్ళీ టీ పొడి మీద తిప్పాడు. ఈసారి ఏమీ అంటుకోలేదు.

"ఇనుము మీ షాపుదే," అని తిరిగి ఇచ్చేశాడు.

అల్లుడు అయస్కాంతాన్ని జేబులో వేసుకున్నాడు. తర్వాత సీసా తీసి చేతులు రుద్దుకున్నాడు.

నాలుగు యాభైకి ఇన్‌స్పెక్టర్ పనిగదిలో పెద్దాయన స్టూలు మీద కూర్చుని పంచనామా రాయడం మొదలెట్టాడు. దుమ్ము పడుతుందని అల్లుడు బయట్నుంచి తలుపు జరిపాడు. ఏసీ సన్నగా మూలుగుతోంది. వాచీల షాపుల్లో ఎప్పుడూ ఉండే పెట్రోలు వాసన. రెండు బల్లల మీదా పింగాణీ గిన్నెలు, వాటిలో ఆ పెట్రోలు, అడుగున కడగడానికి వేసిన బియ్యపు గింజంత చక్రాలు. గిన్నెల మూతలు పక్కన బోర్లించి ఉన్నాయి.

గోడకి క్వార్ట్జ్ వాచీ లోపలి భాగాలు చూపించే పాత చార్టు. బొమ్మ చుట్టూ బాణాలు, బాణాల చివర సన్నని అంకెలు. కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.

బల్ల కింద అర లీటరు పెట్రోలు డబ్బాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని మీద పెన్సిలుతో ఒక్కో తేదీ.

"ఇదేంటి?" అని తలుపు సందులోంచి అడిగాడు.

"పెద్దాయన అలవాటు సార్," బయట్నుంచి అల్లుడు చెప్పాడు. "బాగుచేసిన ప్రతి వాచీ మూత లోపలా తేదీ గీస్తాడు. డబ్బా తెరిచిన రోజు డబ్బా మీద కూడా రాస్తాడు. చాదస్తం."

సెప్టెంబరు 6. అక్టోబరు 5. నవంబరు 3. నవంబరు 12. నవంబరు 16.

ఆయన అవి రాసుకున్నాడు. రాస్తుంటే రెండో పేజీలో అక్షరాలు గీత దిగి కిందకి జారాయి. తల బరువెక్కింది. వయసు, అనుకున్నాడు. ఉప్పు లేని గుడ్డు, అనుకున్నాడు. ఐదూ ఐదుకి లేచి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కింద నుంచి గాలి వచ్చి మొహానికి తగిలింది. నిమిషంలో తల తేలికైంది.

ఆ గాలికి ఆయన మనసులోనే దండం పెట్టాడు. ఎందుకో ఇంకా తెలియదు.

ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "ఇప్పుడే ఏమీ చెప్పలేం. స్పృహ రాలేదు," అంది డాక్టరు.

మెట్ల కింద మూడడుగుల చోటు. అందులో ఆరిపోయిన స్టవ్, బోర్లించిన పన్నెండు గ్లాసులు, ఒక గోడ గడియారం. కెటిల్ లేదు. ఎవిడెన్స్ అని హెడ్ పట్టుకెళ్ళాడు. స్టూలు మీద కూర్చున్న ఆవిడకి అరవై ఉంటాయి. బజారంతటికీ పిన్ని. కుడి మోకాలికి గుడ్డ కట్టు.

"కూర్చోండి బాబూ. టీ ఇద్దామంటే కెటిలూ లేదు, మీకు ధైర్యమూ ఉండదు."

ఆయన ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు.

"పైకి ఎందుకెక్కారమ్మా?"

"ఎక్కకూడదని తెలుసు. పదకొండేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. వాళ్ళే దిగేవాళ్ళు. పెద్దాయనైతే పొద్దున పదకొండు, సాయంత్రం నాలుగు. ఆ గోడ మీదది ఎప్పుడో ఆగిపోయింది, బాగుచేయించుకోలేదు. నా గడియారం ఆయనే. తొమ్మిది రోజులుగా దిగట్లేదు. నామీద అలిగాడేమో అనుకున్నాను. అడుగుదామని ఎక్కాను."

"అడిగారా?"

"'టీ తెచ్చాను, తాగు' అన్నాను. ఊఁ అన్నట్టు తలాడించాడు. తిరగలేదు. కంట్లో అద్దం ఉంది కదా, పనిలో ఉన్నాడనుకున్నాను. నిజంగానే కోపంగా ఉన్నాడనుకుని గ్లాసు పెట్టేసి వచ్చేశాను."

"తలుపు వేయలేదట."

"రెండు చేతులా పళ్ళెం. కాలితో తోసి వెళ్ళాను. వచ్చేటప్పుడు మోకాలు పట్టేసింది, వేయలేదు. అది తప్పే. రాసుకోండి."

"స్టవ్ తీసేయమన్నారట."

ఆవిడ గ్లాసులకేసి చూసింది. "నువ్వు ముసలిదానివయ్యావు, దించెయ్యి అంటే దించేదాన్ని బాబూ. విషం పెట్టావు, దించెయ్యి అంటే ఎలా దించను? దించితే ఒప్పుకున్నట్టేగా. పోనీ ఇక్కణ్ణుంచి పోయి ఇంకోచోట పెడతాను, అక్కడ మాత్రం నా చేతి టీ ఎవరు తాగుతారు?"

ఇన్‌స్పెక్టర్ ఆ మాట కూడా రాసుకున్నాడు. లేచాడు.

పై మెట్టు మీద రేడియో మోకాళ్ళలో తల పెట్టుకుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నోరు మూయడన్న మనిషి నాలుగుంపావు నుంచీ నోరు తెరవలేదని హెడ్ చెప్పాడు.

"తలనొప్పా?"

"వారం నుంచీ సార్. పెద్దాయనకీ అంతే. టీ మానేస్తే వస్తుందని అల్లుడుగారు చెప్పారు. ఒంట్లో ఉన్న విషం దిగిపోతోందట."

"పని ఎక్కువైందా ఈ మధ్య?"

"తగ్గింది సార్. తల తిరుగుతుంటే చక్రాలు ఎవడికి కనబడతాయి?"

"మరి పెట్రోలు ఎందుకు ఎక్కువ తెచ్చారు?"

రేడియో తల ఎత్తాడు. "అదే నేనూ అనుకున్నా. నెలకో డబ్బా పట్టేది. ఈ నెల మూడో డబ్బా నడుస్తోంది."

"టీకి దిగేముందు పెద్దాయన ఏం చేసేవాడు? వరసగా చెప్పు."

"ఏముంది సార్. గిన్నెలకి మూతలు పెట్టేవాడు, నాచేత పెట్టించేవాడు. వాచీల మీద గాజుగ్లాసులు బోర్లించేవాడు. తర్వాత తలుపు పూర్తిగా జరిపి దిగేవాడు. వచ్చాక తలుపు వేసి, పని ఉన్న గిన్నెకే మూత తీసేవాళ్ళం. మూతలు దుమ్ముకి. తలుపెందుకు తీస్తావయ్యా అంటే, మా గురువు తీసేవాడు రా అనేవాడు."

"తొమ్మిది రోజులుగా?"

"దిగనే లేదుగా సార్. మూతలెందుకు పెడతాం? రాత్రిళ్ళు కూడా గిన్నెలు తెరిచే ఉంటున్నాయి..." అని ఆగిపోయాడు. పనిగది తలుపుకేసి చూశాడు.

"ఇంకొకటి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సరే, అది అందరిముందూ అడుగుతాను."

ఆరు గంటల పది నిమిషాలు. అల్లుడు, రేడియో, పిన్ని, హెడ్. నలుగురూ మెట్ల దగ్గర నిలబడ్డారు. పిన్నికి హెడ్ తనంతట తానే కుర్చీ తెచ్చి వేశాడు.

"లోపల ఏసీ ఉంది సార్," అన్నాడు అల్లుడు.

"ఇక్కడే బాగుంది. గాలి ఉంది. హెడ్, ఆ గ్లాసు తీసుకురా. ఏమని రాశావు దీని గురించి?"

"టీ తాగిన గ్లాసు అని సార్."

"మీగడ చూడు."

హెడ్ సీలు వేసిన కవరు పైకెత్తి చూశాడు. మీగడ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా గ్లాసుకి అంటుకునే ఉంది. ఎక్కడా చిరగలేదు.

"ఒక్క గుక్క తాగినా అది చిరుగుతుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తొమ్మిది రోజులుగా ఆయన ఈవిడ టీ ముట్టలేదు. ఇవాళా ముట్టలేదు. ఈవిడ టీ మానేసినవాడే పడిపోయాడు. బజారులో పదకొండేళ్ళు తాగినవాళ్ళంతా బాగానే ఉన్నారు."

"మరి విషం?" అన్నాడు అల్లుడు.

"మీ గిన్నెల్లో ఉంది. నెల వచ్చే పెట్రోలు డబ్బా ఈ నెల తొమ్మిది రోజులే వచ్చింది. తర్వాతది నాలుగు రోజులే. తేదీలన్నీ పెద్దాయనే రాసిపెట్టాడు. పని తగ్గింది, పెట్రోలు పెరిగింది. మూత లేని గిన్నెలోంచి అది గాల్లోకి పోయింది. గాలి బయటికి పోవడానికి లేదు. వెంటిలేటరుకి టేపు, తలుపు మూత. ఇక పోయేదెక్కడికి? ఇద్దరు మనుషుల ఊపిరితిత్తుల్లోకి. రేడియో డెలివరీలకి తిరిగాడు కాబట్టి తలనొప్పితో సరిపోయింది. నేను పావుగంట కూర్చుంటే నా చేతిరాతే నాకు అర్థం కాలేదు."

ఇన్‌స్పెక్టర్ అల్లుడి వైపు తిరిగాడు.

"రోజుకి రెండుసార్లు మూతలు పడేవి, తలుపు తెరుచుకునేది, మనుషులు కిందకి దిగి గాలి పీల్చేవాళ్ళు. నలభై ఏళ్ళు ఆయన్ని బతికించింది ఆ అరగంట. మీరు మిగిల్చానన్న అరగంట."

అల్లుడి చెయ్యి జేబులోని సీసా దగ్గరికి వెళ్ళి, మధ్యలోనే ఆగిపోయింది.

"ఇవాళ నాలుగింటికి ఈవిడ వెళ్ళేసరికే ఆయనకి మత్తు ఎక్కేసింది. ఈవిడ కోపమనుకుంది. తలుపు వేయలేదు. పన్నెండు నిమిషాలు ఆ తలుపు తెరిచే ఉంది. దుమ్ముతో పాటు గాలి కూడా వెళ్ళింది. ఎఫ్‌ఐఆర్ రాయమంటే అది కూడా రాస్తాను."

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడ్చిందో, చెమటో తెలియలేదు.

"ఇక మెసేజ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "32,768. అబద్ధం చెప్పేవాడు యాభై వేలంటాడు, లక్షంటాడు. ఇంత కచ్చితమైన అంకె ఎక్కడిదా అని చూశాను. లోపల గోడ మీద చార్టులో ఉంది. క్వార్ట్జ్ వాచీలో స్ఫటికం సెకనుకి అన్నిసార్లు కంపిస్తుందట. అంకె కావాల్సి వచ్చినప్పుడు, కళ్ళెత్తితే కనబడేది రాశాడు. కుడివైపు బల్ల దగ్గర కూర్చునేవాడికి ఆ చార్టు ఎదురుగానే ఉంటుంది."

అందరి చూపులూ ఒకేచోటికి తిరిగాయి.

రేడియో గోడకి ఆనుకున్నాడు. "జోక్ సార్," అన్నాడు. "అల్లుడుగారు సోమవారం ఉప్పు విషమంటారు, బుధవారం సబ్బు విషమంటారు, శుక్రవారం పడుకునే దిక్కు విషమంటారు. ఏదన్నా నమ్ముతారని పందెం. వేరే నంబరు నుంచి పంపాను. సాయంత్రానికి నేనే అని చెప్పి నవ్వుదామనుకున్నా. సాయంత్రానికి బజారంతా తిరిగి నాకే వచ్చింది. మా అత్తగారు పంపింది."

"చెప్పలేకపోయావా?"

"పిన్ని దగ్గర ఎవరూ టీ తాగట్లేదని తెలిశాక నోరు రాలేదు. పోనీ నేనొక్కణ్ణయినా దిగి తాగితే? 'నీకు భయం లేదేం' అని అడుగుతారని అదీ మానేశాను. తొమ్మిది రోజులు నా అబద్ధానికి నేనే కాపలా కాశాను సార్. పెద్దాయన తల పట్టుకుంటుంటే టీ మానేయడం వల్లేనని నేనూ అన్నాను."

పిన్ని వాడికేసి చూసింది. "ముప్ఫై ఏళ్ళొచ్చాయి. నామీదా రాస్తావ్ రా జోకు? ఆ మాటేదో కిందకొచ్చి చెప్తే నేనూ నవ్వేదాన్నిగా."

వాడు ఆవిడ కుర్చీ పక్కన నేలమీద కూలబడ్డాడు. ఆవిడ వాణ్ణి తిట్టలేదు, ఓదార్చనూ లేదు. కాలు నొప్పిగా ఉందని కొంచెం పక్కకి జరిగింది. వాడికి చోటయింది.

ఆరు ఇరవై ఎనిమిదికి ఫోన్ మోగింది. డాక్టరు.

"స్పృహ వచ్చింది. రెండ్రోజులు ఆక్సిజన్ మీద ఉంచుతాం. ఇంకో పావుగంట ఆ గదిలో ఉండుంటే చెప్పలేకపోయేవాళ్ళం. పెట్రోలు ఆవిరి, కదూ?"

"అవును. ఏమన్నా మాట్లాడాడా?"

"ఒక్కటే మాట. 'ఆవిడ టీ పెట్టి వెళ్ళింది, చల్లారిపోయుంటుంది' అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట పిన్నికి చెప్పాడు. చెప్పి, హెడ్ వైపు తిరిగాడు.

"కెటిల్ ఇచ్చెయ్."

"ఎవిడెన్స్ సార్."

"దేనికి?"

హెడ్ తన పంచనామా కాగితం ఒకసారి తిరగేసి చూసి, కెటిల్ తెచ్చాడు. స్టవ్ రేడియో వెలిగించాడు. అల్లుడు కుర్చీ ఎక్కి వెంటిలేటరు టేపు తనే పీకాడు. దిగి, సంఘం సెక్రటరీకి ఫోన్ చేసి, నోటీసు తప్పని గొంతు తగ్గించి చెప్పాడు. నోటీసిప్పించినప్పుడు చెప్పినంత గట్టిగా కాదు. అయినా చెప్పాడు.

మొదటి గ్లాసు ఇన్‌స్పెక్టర్ తాగాడు. వేడిగా ఉంది. అందులో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టే ఓపిక లేక మొత్తం తాగేశాడు.

నాలుగు రోజుల తర్వాత, ఇరవై రెండో తారీఖు సాయంత్రం, ఆయన మళ్ళీ అటువైపు వచ్చాడు. కేసు పనేమీ లేదు. ప్రమాదమని రాసి ఫైలు మూసేశాడు. ఇంటికి త్వరగా వెళ్ళి చేసేదీ ఏమీ లేదు.

మెట్ల కింద ఏడెనిమిది మంది గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. హెడ్ కూడా వచ్చాడు గానీ వేడినీళ్ళే అడిగి తాగుతున్నాడు.

"ఇంకా భయమేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"భయం కాదు సార్. మా ఆవిడకి మాటిచ్చాను. కొత్త మెసేజ్ వచ్చింది, వేడినీళ్ళ మీద. అది ఇంకా ఇంట్లో చూపించలేదు."

రేడియో రెండో మెసేజ్ పంపాడట. మొదటిది తనే అల్లిన అబద్ధమని, పేరు పెట్టి మరీ. మొదటిదాన్ని బజారులో మూడువందల మంది ముందుకు పంపారు. రెండోదాన్ని పదకొండు మంది. పిన్నికి మాత్రం వాడు మెసేజ్ పంపలేదు. ఆగిపోయిన ఆవిడ గడియారాన్ని విప్పి, కడిగి, మళ్ళీ గోడకి తగిలించాడు. అది నడుస్తోంది.

పెద్దాయన కింద మెట్టు మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చేతిలో ఖాళీ గ్లాసు.

"మీరేనా సార్ నా పెన్సిలు రాతలు చదివింది?" అన్నాడు. "నలభై ఏళ్ళలో ఎవరూ చదవలేదు."

"తలుపెందుకు తీసేవారో ఇప్పుడైనా తెలిసిందా?"

"తెలిసింది. మా గురువుకీ తెలియదనుకుంటాను. ఆయనకి టీ మీద ప్రాణం. త్వరగా దిగాలని తలుపు వేయకుండా పరిగెత్తేవాడు."

ఇద్దరూ నవ్వారు. ఇన్‌స్పెక్టర్‌కి తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

ఏడయింది. పిన్ని స్టవ్ ఆపి గ్లాసులు కడిగింది. అల్లుడు కౌంటరు దీపం ఆర్పి, తాళంచెవులు పెద్దాయన చేతికిచ్చి దిగిపోయాడు. పెద్దాయన మెల్లగా మెట్లెక్కాడు. కింద నుంచి ఇన్‌స్పెక్టర్‌కి ఆయన నీడ కనబడుతోంది. ఒక బల్ల దగ్గర వంగింది. రెండో బల్ల దగ్గర వంగింది. గిన్నె మీద మూత ఆనిన చిన్న చప్పుడు, ఇంకొకటి. తర్వాత ఆయన గుమ్మంలో కాసేపు ఊరికే నిలబడ్డాడు, గదిలో గాలి ఆడనిచ్చి.

ఆ తర్వాత అద్దాల తలుపుని చప్పుడు కాకుండా జరిపి మూశాడు.